కొత్తచెరువు చుట్టూ విమాన అయస్కాంత సర్వే: పటానికి ఎక్కేవీ, ఎక్కనివీ

కొత్తచెరువు, పెనుకొండ, ధర్మవరం పరిసరాల్లో ఎర్రచేల మధ్య నల్లగుండ్లు పేర్చినట్టు సన్నటి గట్లు కనిపిస్తాయి. ఎక్కువ భాగం తూర్పు నుంచి పడమరకు సాగుతాయి. ఇవి డోలరైట్ డైకులు. పాత నీస్, గ్రానైట్ బండలు చీలినప్పుడు కింది నుంచి ఎగదన్నిన శిలాద్రవం ఆ చీలికల్లోనే గట్టిపడి రాతి గోడలుగా నిలిచింది. పెనుకొండ దగ్గరి ఒక డైక్ వయసును యురేనియం-సీసం పద్ధతిలో లెక్కిస్తే దాదాపు 237 కోట్ల ఏళ్లని తేలింది. అంటే కడప హరివాణంలోని రాతి పొరల కన్నా ఇది పాతది.

గట్టు కనిపించిన మేరకు పటం గీయడం సులువే. ఎర్రమట్టి కిందికి, చెరువు అడుగుకు పోయిన భాగం సంగతేమిటన్నదే చిక్కు. డైక్‌లోని మాగ్నెటైట్ తన చుట్టూ ఉన్న భూ అయస్కాంత క్షేత్రాన్ని కాస్త కదిలిస్తుంది. ఇక్కడ ఆ క్షేత్రం సుమారు 41 వేల నానోటెస్లాలు. డైక్ వల్ల వచ్చే తేడా పదులలో, మహా అయితే వందలలో ఉంటుంది. విమానానికి బిగించిన మాగ్నెటోమీటర్‌కు అది చాలు, మట్టి అడ్డు కాదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2017లో మొదలుపెట్టిన జాతీయ వైమానిక భూభౌతిక సర్వే 300 మీటర్ల ఎడం గీతలపై, నేలకు 80 మీటర్ల ఎత్తున ఎగిరేలా రూపొందింది. పాత సర్వేల్లో చాలావాటిని వేల అడుగుల ఎత్తున నడిపారు. పలుచని నిలువు డైక్ ప్రభావం దూరం పెరిగేకొద్దీ విలోమంగా తగ్గుతుంది. 80 మీటర్ల ఎత్తున కనిపించిన తేడా 1500 మీటర్లకు వెళ్లేసరికి సుమారు పంతొమ్మిదో వంతే మిగులుతుంది. పక్కపక్కనున్న రెండు మూడు డైకులు కలిసిపోయి ఒకే మందపు చారలా కనిపిస్తాయి. పాత పటంలో డైకులు తక్కువగా ఉంటే ఆ తప్పును నేలకు అంటగట్టకూడదు.

ఎత్తు కన్నా పెద్ద చిక్కు దిశతో వస్తుంది. అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొసన పోతుంది కనుక కొత్తచెరువు దగ్గర క్షేత్రపు వంపు 20 డిగ్రీల లోపే. క్షేత్రం దాదాపు నేలబారుగా ఉత్తరానికి చూస్తుంది. తూర్పు-పడమర డైక్‌కు అది అడ్డంగా తగిలి, రెండు పక్కలా ధ్రువాలను పుట్టిస్తుంది. ఆ ధ్రువాల ప్రభావం డైక్ మీద భూక్షేత్రానికి ఎదురుగా ఉంటుంది కనుక అక్కడ రీడింగు తగ్గుతుంది. కొత్తగా పటం చూసేవారు ఎక్కువ రీడింగు ఉన్నచోటే డైక్ ఉందనుకుని పొరబడటానికి కారణం ఇదే. ఉత్తర-దక్షిణ డైక్ విషయంలో క్షేత్రం దాని పొడవునా పోతుంది. ధ్రువాలు రెండు కొసల్లోనే ఏర్పడతాయి, నడుమంతా దాదాపు ఏ అలజడీ ఉండదు.

ఈ ప్రాంతం ఉన్న అతి పాత భూఖండ భాగమైన తూర్పు ధార్వార్ క్రేటన్‌లోని పెద్ద నిర్మాణాలు చాలావరకు ఈ రెండో దిశలోనే ఉన్నాయి. పడమటి క్లోజ్‌పేట గ్రానైట్ పట్టీ, బంగారు గనుల రామగిరి షిస్టు పట్టీ, తూర్పున కదిరి షిస్టు పట్టీ, అన్నీ స్థూలంగా ఉత్తర-దక్షిణంగా సాగేవే. సుమారు 222 కోట్ల ఏళ్ల నాటి మరో తరం డైకుల్లోనూ కొన్ని అదే దిశవి. కాబట్టి ఇక్కడి అయస్కాంత పటం డైకుల కథను గట్టిగా చెప్పి, వాటికన్నా పెద్దవైన సరిహద్దులను గొణుగుతుంది. ఆ పటాన్ని భూవిజ్ఞాన పటంగా చదవకూడదన్నదే ఈ వ్యాసం వాదన.

దీనికి విరుగుడుగా చెప్పే ధ్రువానికి మార్చే గణితం, అంటే సర్వే ధ్రువం దగ్గర జరిగినట్టు లెక్కను మార్చడం, ఇంత తక్కువ వంపు దగ్గర బెడిసికొడుతుంది. చిన్నపాటి కొలత దోషాన్ని కూడా పెంచి ఉత్తర-దక్షిణ చారలుగా చూపిస్తుంది. మనం వెతుకుతున్న దిశలోనే లేనివి పుట్టుకొస్తాయన్నమాట! అంతకన్నా, తెగిపోయిన ఉత్తర-దక్షిణ డైక్ ముక్కల కొసల దగ్గర పూసలు గుచ్చినట్టు వరుసగా వచ్చే చిన్న అలజడులను చేత్తో కలుపుతూ పోవడమే నమ్మదగిన పని. డైక్‌లో రాయి చల్లారినప్పుడు నిలిచిపోయిన అవశిష్ట అయస్కాంతత్వం కూడా ఉంటుంది. 237 కోట్ల ఏళ్ల డైకులు చల్లారినప్పుడు ఈ భూభాగం ధ్రువాలకు దగ్గరగా ఉండేది. అందుకే వాటిలో నిలిచిన అయస్కాంతత్వం బాగా నిటారు. నేటి నేలబారు క్షేత్రం ప్రేరేపించేది వేరు, రాయి గుర్తుంచుకున్నది వేరు. నమూనాలను ప్రయోగశాలలో కొలవకుండా డైక్ వాలు ఇంతని తేల్చడం సాహసమే.

మనుషులు కట్టినవీ పటంలోకి వస్తాయి. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ ఉక్కు షెడ్లు, రామగిరి గాలిమరలు, రైలు పట్టాలు, కరెంటు లైన్లు తమ ముద్ర వేస్తాయి. వాటిని గుర్తించి తీసేయకపోతే లేని ఖనిజం దొరుకుతుంది.

ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట ఈ పటాన్ని రైతు నీళ్ల కోసమే అడుగుతాడు. మాగ్నెటోమీటర్ నీటిని చూడదు. అయితే చివకని డైక్ భూమిలో కట్టలా అడ్డుపడి, ఎగువ వైపు నీటిని నిలుపుతుంది. డైక్ తెగినచోట, చివికినచోట అది దారి ఇస్తుంది. చివికేటప్పుడు మాగ్నెటైట్ హెమటైట్‌గా మారి అయస్కాంత బలం తగ్గుతుంది కాబట్టి పటంలో చార ఉన్నట్టుండి ఆగిపోయే చోట్లు బోరుకు ముందు పరిశీలించదగ్గవి. అది పగులో, చివికిన భాగమో, డైకే ముగిసిందో తేల్చాలంటే విద్యుత్ నిరోధక సర్వే చేయాలి. 2010ల్లో పొరుగున తుమకూరు జిల్లా అంకసంద్రలో హెలికాప్టర్ విద్యుదయస్కాంత సర్వేతో గట్టిరాతి నేల లోపలి అమరికను చూశారు. కొత్తచెరువు, బుక్కపట్నం చెరువుల ఆయకట్టుల్లో అలాంటి సర్వే గీతలు కొన్నింటిని తూర్పు-పడమరగా కూడా ఎగిరి, ఉత్తర-దక్షిణ పగుళ్లను అడ్డంగా కోస్తే అయస్కాంత పటం వదిలేసిన సగం పైకి వస్తుంది.