పాత పికప్ బండి: చట్రము చెప్పు చరిత్ర

1925లో ఫోర్డువారు మోడల్ టీ కారు వెనుక ఇనుప తొట్టి నమర్చి, కర్మాగారమునుండియే పికప్ బండిగా అమ్మనారంభించిరి. 1959లో జపాను డాట్సన్ బండ్లును, అటుపిమ్మట టొయోటా బండ్లును అమెరికాలో ప్రవేశించి, చిన్నవైనను మన్నిక గలవని పేరు తెచ్చుకొనినవి. ఆ పరంపరలో 1995లో వచ్చినది టొయోటా టకోమా. ఇంజను గట్టిదే, కాని మంచు కరగుటకై రోడ్లపై చల్లు ఉప్పు, తగిన రక్షణపూత లేని దాని చట్రమును తినివేసినది. 2008లో కంపెనీవారు 1995 మొదలు 2000 వరకు తయారైన బండ్ల చట్రములకు తుప్పు విషయమున పూచీని 15 ఏండ్లకు పెంచిరి. చిల్లులు పడినవాటిని మార్కెటు ధరకు ఒకటిన్నర రెట్లిచ్చి తిరిగి కొనిరి.

చేతులు మారిన బండిని కొనువారికి ఇందులో ఒక నీతి కలదు. ఇంజను చెడినచో బాగుచేయింపవచ్చును; గేరుపెట్టెను మార్చవచ్చును; చట్రము పుచ్చినచో బండియే లేదు. పాలో, కూరగాయలో మోసి కుటుంబమును పోషింపదలచి, దాచుకొన్న సొమ్మంతయు వెచ్చించువారు పైరంగు చూచి మోసపోరాదు. దీపము పట్టుకొని బండి క్రిందికి దూరి, వెనుక కమానుపట్టీల చెంత చట్రమును చిన్న సుత్తితో తట్టి చూడవలెను. పెచ్చులు రాలినను, మ్రోత మందగించినను, క్రొత్తగా నల్లరంగు పూసియున్నను సందేహింపవలెను. ఉప్పుగాలి వీచు మన కాకినాడ, మచిలీపట్నము ప్రాంతములవారికి ఈ పరీక్ష మరింత అవసరమని మేము తలంతుము.