తెరకీ పెట్టెకీ వేరు కాపురం

మా ఇంట్లో వారం రోజులుగా ఒకటే చర్చ. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయికి కంప్యూటర్ కావాలి. తనకేమో తెర వెనకాలే అంతా ఇమిడిపోయిన ఆల్-ఇన్-వన్ మీద మనసు. మావారేమో మానిటర్ విడిగా, సీపీయూ విడిగా ఉండాలంటారు. చీటీ డబ్బులు నా చేతిలో ఉన్నాయి కాబట్టి తీర్పు నాకు వదిలేశారు. తిరువూరు నుంచి బెజవాడ వెళ్ళి తెచ్చుకోవాలంటే ఒక రోజు పని. తెచ్చాక బాగాలేదని మళ్ళీ మళ్ళీ తిరగలేం. బీఏ తెలుగులో సాహిత్య చరిత్ర చదివినదాన్ని, ఏ సంగతైనా మొదటినుంచీ తెలిస్తే గానీ నాకు తలకెక్కదు. అందుకే ముందు ఈ రెండింటి కథా చదువుకున్నాను.

ఈ తగువు మా ఇంట్లో పుట్టింది కాదండీ. 1977లో ఇంటికి కొనుక్కునే కంప్యూటర్లు మూడు ఒకే ఏడాది అమెరికా బజారులోకి వచ్చాయి. కమోడోర్ వాళ్ళ పెట్‌లో తెర, కీబోర్డు, కంప్యూటర్ అన్నీ ఒకే పెట్టె. టాండీ వాళ్ళ టీఆర్‌ఎస్-80కి తెర విడిగా ఉండేది. యాపిల్-2కి అసలు తెరే ఉండేది కాదు, ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకోవచ్చు. అంటే ఉమ్మడి కాపురం, వేరు కాపురం, పక్కింటి సాయం మూడూ మొదటి ఏడాదే ఉన్నాయన్నమాట.

మన దగ్గర కంప్యూటర్, టీవీ ఒకే చోట తయారైన కథ కూడా ఉంది. 1967లో హైదరాబాదులో పెట్టిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. ఇళ్ళలోకి వచ్చిన ఈసీ టీవీలూ ఆ సంస్థవే. నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికీ ఉన్న ఒక్క టీవీ అదే. ఆదివారం పొద్దున్నే చాప పట్టుకుని వాళ్ళింటికి పరుగెత్తేవాళ్ళం. ఆ పేరు మీద కంప్యూటర్ కూడా ఉందని ఇన్నేళ్ళకి తెలిసింది నాకు.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని తెచ్చింది. తెర వేరు, పెట్టె వేరు. పెట్టె విప్పితే లోపల కొత్త కార్డులు గుచ్చుకోవడానికి ఐదు గాళ్ళు. ఏది పాడైతే అది మార్చుకోవచ్చు, ఏది కావాలంటే అది చేర్చుకోవచ్చు. తర్వాత వేరే కంపెనీలు కూడా అదే పద్ధతిలో చేయడం మొదలుపెట్టాయి. మన ఊళ్ళలో ఇంటర్నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో చూసిన కంప్యూటర్లన్నీ ఆ వంశంవే.

దానికి ఎదురుగా 1984 జనవరి 24న యాపిల్ మాకింతోష్ వచ్చింది. తొమ్మిది అంగుళాల నలుపు తెలుపు తెర, దాని కిందే కంప్యూటర్. చూడముచ్చటగా ఉండేది గానీ లోపల కార్డులు చేర్చుకునే వీలు లేదు. మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పడానికీ కుదిరేది కాదు. తయారుచేసిన వాళ్ళ సంతకాలు మాత్రం పెట్టె లోపలి గోడ మీద అచ్చువేశారు. కొన్నవాళ్ళు విప్పకూడని పెట్టె లోపల సంతకాలు! నాకు ముచ్చటా వేసింది, నవ్వూ వచ్చింది.

1998లో అదే కంపెనీ నీలిరంగు ఐమాక్ తెచ్చింది. పైన పట్టుకోవడానికి పిడి, వెనక అద్దంలా లోపలి భాగాలు కనిపించే డొప్ప. కంప్యూటరంటే భయపడేవాళ్ళు కూడా ఇంటికి తెచ్చుకున్నారు. 2004కి తెరలు పల్చబడ్డాక కంప్యూటర్ మొత్తాన్ని తెర వీపున దాచేశారు. ఇప్పుడు మా అమ్మాయి అడుగుతున్నది ఆ రూపమే.

ఇక మా ఇంటి చరిత్ర. 2009లో కొన్న మానిటర్ ఇప్పటికీ పనిచేస్తోంది. ఈలోగా రెండు సీపీయూలు పోయాయి. దాని వెనక ఉన్న వీజీఏ పిన్ను 1987 నాటి పద్ధతి. కొత్త సీపీయూకి ఆ పిన్ను లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి మార్చే చిన్న కన్వర్టర్ పెట్టాం, అంతే.

మా ఆడపడుచు వాళ్ళది ఆల్-ఇన్-వన్. నాలుగేళ్ళకి మదర్‌బోర్డు పోయింది. తెర అద్దంలా మెరుస్తూనే ఉంది గానీ వేరే కంప్యూటర్‌కి తగిలించుకుందామంటే బయటినుంచి బొమ్మ తీసుకునే దారే లేదు దానికి. ఒకరికి జబ్బు చేస్తే ఇంటిల్లిపాదీ మంచాన పడ్డట్టు.

అలాగని దాన్ని తీసిపారేయలేం. ఇరుకు గదిలో బల్ల మీద చోటు మిగులుతుంది, వైర్ల చిక్కు ఉండదు, కెమెరా, స్పీకర్లు చాలావాటికి అందులోనే వస్తాయి. పిల్లలు అమెరికాలో ఉండి, వీడియోలో మాట్లాడటానికే కంప్యూటర్ కావలసిన పెద్దవాళ్ళకి అదే సుఖం. కొనేవాళ్ళు మాత్రం షాపులో ఒక్క మాట అడగండి: "దీనికి హెచ్‌డీఎంఐ ఇన్ ఉందా?" అవుట్ కాదు, ఇన్. అది ఉంటే లోపలి కంప్యూటర్ పాతబడ్డా తెర మానిటర్‌గా పనికొస్తుంది. ర్యామ్, హార్డ్ డిస్క్ మార్చుకునే వీలుందో లేదో కూడా కనుక్కోండి.

నిన్న రాత్రి ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. ఓపిగ్గా విని, "అమ్మా, వచ్చే ఏడాది నేను హాస్టల్‌కి వెళ్తాను కదా. అప్పుడు దీన్ని ఎవరు వాడతారు?" అంది. చరిత్ర అంతా తిరగేసిన నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. బహుశా తట్టనివ్వలేదేమో.

దాంతో తీర్పు తేలిపోయింది. ఇప్పుడు మంచి మానిటర్ ఒకటి కొంటాం. పాత సీపీయూతో ఈ ఏడాది గడిపేస్తుంది. మిగిలిన డబ్బు అలాగే ఉంచి, కాలేజీలో చేరేటప్పుడు ల్యాప్‌టాప్ కొనిస్తాను. తను వెళ్ళాక తెర, పెట్టె నా రాతలకి ఉంటాయి. సెలవులకి వచ్చినప్పుడు మానిటర్ తనది, ల్యాప్‌టాప్‌కి తగిలించుకుంటుంది.

"హెచ్‌డీఎంఐ వైరు ఇంకొకటి కొను, ఇక్కడే ఉంచుదాం" అంది పడుకోబోతూ. సరుకుల చీటీలో కందిపప్పు కింద అది కూడా రాసుకున్నాను.