వ్యభిచార గృహాలపై పోలీసు దాడులు: చట్టం చెప్పేదేమిటి, సమాజం చూసేదేమిటి

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్తకు స్థిరమైన మూస ఒకటి ఉంది. విశ్వసనీయ సమాచారం మేరకు ఫలానా కాలనీలోని ఓ ఇంటిపై పోలీసులు దాడి చేశారు. నిర్వాహకురాలిని, ఇద్దరు విటులను అదుపులోకి తీసుకున్నారు. మరో ఇద్దరు మహిళలను రక్షించి హోంకు తరలించారు. కొంత నగదు, సెల్‌ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. పైన ‘గుట్టు రట్టు’ అన్న శీర్షిక ఉంటుంది. పక్కన ముఖాలకు చున్నీలు చుట్టుకుని తల వంచుకున్న స్త్రీల ఫొటో ఉంటుంది.

వార్త ప్రకారం ఆ ఇద్దరూ రక్షణ పొందినవారు. శీర్షిక, ఫొటో ప్రకారం పట్టుబడినవారు. ఇలాంటి దాడుల పట్ల సమాజం స్పందించే తీరు చాలాకాలంగా ఈ రెండింటి మధ్యనే ఊగిసలాడుతోంది. ఆ స్పందన ఉత్త అభిప్రాయంగా మిగిలిపోదు. పోలీసులకు ఫిర్యాదు చేసేది ఇరుగుపొరుగువారే, పంచనామాపై సాక్షి సంతకం చేసేది వారే, ఆ తర్వాత ఆ స్త్రీకి ఇల్లు అద్దెకివ్వాలో వద్దో తేల్చేదీ వారే.

చట్టంలో ఉన్నది సోదా

ఈ చర్యలకు ఆధారం 1956 నాటి చట్టం. స్త్రీలు, బాలికల అనైతిక రవాణా అణచివేత చట్టంగా పుట్టిన ఇది, 1986లో చేసిన సవరణతో అనైతిక రవాణా (నిరోధక) చట్టంగా మారింది. పత్రికల్లో ‘పీటా’ అని కనిపించేది ఇదే. వ్యభిచారం చేయడమే నేరమన్న అభిప్రాయం ప్రజల్లో బలంగా ఉన్నప్పటికీ, ఈ చట్టం ఆ మాట చెప్పదు. వ్యభిచార గృహం నడపడం, మరొకరి సంపాదనపై బతకడం, స్త్రీలను ఈ వృత్తిలోకి దించడం, నిర్బంధించడం ఇందులో నేరాలు. ఆలయాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రులు వంటి వాటికి 200 మీటర్ల లోపు వ్యభిచారం జరపడం నేరం. బహిరంగంగా విటులను పిలవడం కూడా నేరమే. ఈ చివరి నేరానికి తొలిసారి పట్టుబడిన స్త్రీకి ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. పురుషుడికి మాత్రం గరిష్ఠం మూడు నెలలే. స్త్రీల రక్షణకోసం తెచ్చిన చట్టంలో ఈ తేడా నేటికీ అలాగే ఉంది.

వ్యభిచార గృహానికి ఇచ్చిన నిర్వచనం కూడా గమనించదగినది. ఇతరుల లాభం కోసం నడిపే చోటు మాత్రమే కాదు, ఇద్దరు స్త్రీలు తమ ఉమ్మడి లాభం కోసం వాడుకునే చోటు కూడా దాని కిందికి వస్తుంది. భద్రత కోసమో, అద్దె కలిసొస్తుందనో ఇద్దరు ఒకే గదిలో ఉంటే ఆ గది వ్యభిచార గృహం, వారు దాని నిర్వాహకులు. మరుసటి రోజు వార్తలో ‘నిర్వాహకురాలు’ అని కనిపించే వ్యక్తి నిజానికి ఎవరన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

‘దాడి’ అన్నది మన పత్రికల మాట. చట్టం మాట సోదా. వారంటు తెచ్చేలోగా జాప్యం జరుగుతుందని భావిస్తే, ఆ కారణాన్ని కాగితంపై పెట్టి ప్రత్యేక పోలీసు అధికారి వారంటు లేకుండానే సోదా చేయవచ్చు. ఆయన హోదా ఇన్‌స్పెక్టర్‌కు తగ్గకూడదు. వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. దొరికిన స్త్రీలను మహిళా పోలీసు అధికారే ప్రశ్నించాలి, లేదా గుర్తింపు పొందిన సంక్షేమ సంస్థకు చెందిన మహిళ సమక్షంలో ప్రశ్నించాలి. సాక్షులుగా ఆ ప్రాంతపు గౌరవనీయులు ఇద్దరు ఉండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి. ఆ మహిళ మాత్రం వేరే ప్రాంతం నుంచి వచ్చినా సరిపోతుందని చట్టమే సడలింపు ఇచ్చింది. ఆ వీధిలోని ఇల్లాలు ఇలాంటి పంచనామాపై సంతకం చేయడానికి ముందుకు రాదని చట్టం రాసినవారు ఊహించినట్టున్నారు.

విటుల సంగతి మరో చిక్కు. నిర్వాహకులకు ఉద్దేశించిన సెక్షన్లు కేవలం డబ్బిచ్చి వచ్చినవాడికి వర్తించవని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2014లో తేల్చింది. అయితే అక్రమ రవాణాకు గురైన మనిషి అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి ఆమెను లైంగికంగా దోపిడీ చేసినవారికి భారతీయ న్యాయ సంహితలోని 144వ సెక్షన్ కింద జైలు తప్పదు.

వీధి అడిగినప్పుడు

దాడి ఎవరి కోరికపై జరిగిందన్నదాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది. నిర్బంధంలో ఉన్న మనిషి కోసం వచ్చిన ఫిర్యాదు ఒక రకం. ‘మా వీధిలో వీళ్లు ఉండకూడదు’ అన్న ఫిర్యాదు వేరొక రకం. రెండోదానికి 2014 జనవరిలో దక్షిణ ఢిల్లీలోని ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో జరిగింది ఉదాహరణ. అక్కడి ఇళ్లలో మాదకద్రవ్యాలు, వ్యభిచారం సాగుతున్నాయని స్థానికులు ఆరోపించారు. నాటి ఢిల్లీ న్యాయశాఖ మంత్రి అర్ధరాత్రి స్వయంగా అక్కడికి వెళ్లి, ఒక ఇంట్లో సోదా చేయాలని పోలీసులను పట్టుబట్టారు. వారంటు లేదంటూ అధికారి నిరాకరించారు. ఆ గందరగోళంలో కొందరు ఆఫ్రికన్ మహిళలను గుంపు అడ్డగించింది, వారిని వైద్య పరీక్షలకు తీసుకువెళ్లారు. మాదకద్రవ్యాల ఆనవాళ్లు కనిపించలేదు. పోలీసులపై చర్య కోరుతూ ముఖ్యమంత్రి రైల్ భవన్ సమీపంలో ధర్నాకు కూర్చోవడంతో దేశమంతా ఈ సంఘటనను చర్చించింది. మంత్రి ప్రజల తరఫున నిలిచారని కొందరన్నారు. జాతి వివక్షకు నాయకత్వం వహించారని మరికొందరన్నారు. పోలీసులు మంత్రి మాట వినకపోవడం తప్పా ఒప్పా అన్న వాదనే రోజుల తరబడి సాగింది. అడ్డగింతకు గురైన స్త్రీల మాట అందులో ఎక్కువసేపు వినిపించలేదు.

దానికి పదేళ్ల ముందు గోవాలో ఇంతకంటే పెద్ద ఎత్తున ఇదే కోరిక నెరవేరింది. వాస్కో సమీపంలోని బైనా తీరంలో దశాబ్దాలుగా ఉన్న వ్యభిచార వాడను, హైకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2004 జూన్‌లో బుల్‌డోజర్లతో కూల్చివేశారు. అక్కడి స్త్రీలలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక నుంచి వచ్చినవారే అధికం. బైనాలో తెలుగు వీధిభాషగా వినిపించేది. తీరానికి పట్టిన మచ్చ పోయిందని సంతోషించినవారు ఉన్నారు, వానాకాలం మొదట్లో ఆడవాళ్లను, పిల్లలను నిలువ నీడ లేకుండా చేశారని నిరసించినవారూ ఉన్నారు. వ్యభిచారం ఆగలేదు, చెల్లాచెదురైంది. లాడ్జీలకు, రోడ్ల పక్కకు, ఇతర ఊళ్లకు వెళ్లిపోయిన స్త్రీలను ఎయిడ్స్ నివారణ కార్యకర్తలు మళ్లీ వెతుక్కోవలసి వచ్చింది.

హైదరాబాద్‌లో పాతబస్తీ దగ్గరి మెహబూబ్ కీ మెహందీని 1996లో ఖాళీ చేయించినప్పుడూ స్త్రీలు ఇలాగే వీధిన పడ్డారు. ఖాళీ అయిన ఆ ఇళ్లలోనే, వారి పిల్లల కోసం ఒక చిన్న బడిగా సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ ‘ప్రజ్వల’ సంస్థను మొదలుపెట్టారు.

పొరుగున బంగ్లాదేశ్‌లో ఈ వివాదం న్యాయస్థానానికి చేరి భిన్నమైన మలుపు తిరిగింది. నారాయణ్‌గంజ్‌లోని తాన్‌బజార్‌లో 1999 జులైలో పోలీసులు స్త్రీలను రాత్రికి రాత్రి ఖాళీ చేయించి, పలువురిని నిరాశ్రయుల గృహాలకు తరలించారు. పునరావాసమని ప్రభుత్వం అంది. హక్కుల సంఘాలు అంగీకరించలేదు. ఆ తొలగింపు చట్టవిరుద్ధమని, జీవనోపాధి హక్కును హరించిందని 2000 మార్చిలో బంగ్లాదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది.

ఇంటికి పిలిచేవారు లేనప్పుడు

ఇవన్నీ చూసి దాడులే వద్దనడం తొందరపాటు. 1996 ఫిబ్రవరిలో బొంబాయి వ్యభిచార వాడల్లో జరిగిన భారీ సోదాల్లో వందలాది బాలికలు, యువతులు బయటపడ్డారు. వారిలో పెద్దసంఖ్యలో నేపాలీలు ఉన్నారు. తమ పౌరులను వెంటనే వెనక్కి తీసుకోవడానికి నేపాల్ ప్రభుత్వం వెనుకాడింది. వారితో హెచ్ఐవీ దేశంలోకి వస్తుందన్న భయం అప్పట్లో బహిరంగంగానే వ్యక్తమైంది. చివరికి స్వచ్ఛంద సంస్థలు పూనుకుని, నెలల తర్వాత వంద మందికి పైగా కాఠ్మాండూకు చేర్చాయి. అలా చేరినవారిలో చరిమాయా తమాంగ్ ఒకరు. తనను అమ్మినవారిపై ఆమె కేసు పెట్టి శిక్ష పడేలా చేశారు. తనలాంటి సహచరులతో కలిసి ‘శక్తి సమూహ’ సంస్థను స్థాపించారు. ఆ సంస్థకు 2013లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. పోలీసులు ఆ రోజు తలుపు తట్టకపోతే ఈ కథ లేదు. ఆమె సొంత దేశం తలుపు తెరవడానికి నెలలు పట్టిందన్నదీ ఈ కథలోనే ఉంది.

తెలంగాణలో 2018లో యాదగిరిగుట్టలో వెలుగు చూసిన వ్యవహారం కూడా ఈ కోవలోదే. ఒక చిన్నారిని కొడుతున్నారన్న సమాచారంతో రాచకొండ పోలీసులు వెళ్లి చూడగా, పసిపిల్లలను కొని తెచ్చి పెంచుతున్నారని, త్వరగా ఎదిగేందుకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పిస్తున్నారని ఆరోపణలు బయటికి వచ్చాయి. జనాగ్రహం పెల్లుబికింది, అరెస్టులు జరిగాయి, ఇళ్లకు తాళాలు పడ్డాయి. మైనర్ల విషయంలో ఇష్టమా కాదా అన్న చర్చకే తావులేదు. పద్దెనిమిదేళ్లలోపు వారిని ఈ పనిలో పెట్టడం ఏ పరిస్థితిలోనైనా నేరమే.

‘మమ్మల్ని ఎవరు రక్షించమన్నారు?’

వయోజనుల దగ్గరే వాదం బిగుసుకుంటుంది. మహారాష్ట్రలోని సాంగ్లీలో సెక్స్ వర్కర్లతో పనిచేసే ‘సంగ్రామ్’ సంస్థ, దాడుల్లో తీసుకువెళ్లిన 243 మంది స్త్రీల అనుభవాలను సేకరించి 2018లో నివేదిక ప్రచురించింది. వారిలో 193 మంది ఇష్టపూర్వకంగానే ఈ పనిలో ఉన్నామని, తమను రక్షించమని కోరలేదని చెప్పారు. కోల్‌కతాలోని సోనాగాచీలో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ వాదన కూడా ఇదే. మైనర్లను, బలవంతంగా తెచ్చినవారిని తమ సొంత బోర్డులే గుర్తించి బయటికి పంపగలవని ఆ సంఘం అంటుంది. అక్రమ రవాణాపై పోరాడే సంస్థలు దీన్ని ఒప్పుకోవు. నిర్వాహకుడు పక్కగదిలో ఉండగా, అప్పు తీరకుండా ఉండగా స్త్రీ చెప్పే ‘ఇష్టం’ ఎంతవరకు ఇష్టమని ప్రశ్నిస్తాయి. రెండు వాదనల్లోనూ బలం ఉంది. అందుకే ఆమె మాటను దాడి జరిగిన గదిలో కాక, భయం లేనిచోట విడిగా వినవలసి ఉంటుంది.

చట్టం ఆ అవకాశాన్ని మేజిస్ట్రేటు ముందు కల్పించింది. విచారణ సమయంలో స్త్రీని మూడు వారాలకు మించి ఉంచరాదు. విచారణ ముగిశాక రక్షణ అవసరమని మేజిస్ట్రేటు భావిస్తే మాత్రం ఏడాది నుంచి మూడేళ్ల వరకు సంరక్షణ గృహంలో ఉంచమని ఆదేశించవచ్చు. ఏ నేరమూ రుజువు కాని వయోజన స్త్రీకి మూడేళ్లు. పేరు సంరక్షణే అయినా, గేటుకు తాళం బయటినుంచి ఉంటుంది. ఇలా పంపిన ముగ్గురు యువతులను 2020 సెప్టెంబరులో బాంబే హైకోర్టు విడిపించింది. వ్యభిచారం దానికదిగా ఈ చట్టం కింద నేరం కాదని, వయోజన స్త్రీకి తన వృత్తిని ఎంచుకునే హక్కుందని, ఆమె అంగీకారం లేకుండా నిర్బంధించరాదని పేర్కొంది.

కెమెరా ముందు

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు దేశవ్యాప్తంగా వార్తలయ్యాయి. దాడుల సమయంలో సెక్స్ వర్కర్లను అరెస్టు చేయరాదని కోర్టు ఆదేశించినట్టు అనేక మాధ్యమాలు ప్రకటించాయి. అది పూర్తిగా సరి కాదు. కోర్టు నియమించిన కమిటీ పది సిఫార్సులు చేసింది. అరెస్టు వద్దన్నది వాటిలో మూడోది. దానితో సహా నాలుగింటిపై కేంద్రం అభ్యంతరాలు చెప్పింది. మిగిలిన ఆరింటిని తప్పక అమలు చేయాలని కోర్టు ఆనాడు రాష్ట్రాలను ఆదేశించింది. పోలీసులు గౌరవంగా వ్యవహరించాలన్నది, సంరక్షణ గృహాల్లో ఇష్టానికి వ్యతిరేకంగా ఉన్న వయోజన స్త్రీల విషయం సమీక్షించాలన్నది, కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపరాదన్నది ఆ ఆరింటిలోవే.

మాధ్యమాలకు సంబంధించినది కూడా అందులోదే. అరెస్టు, దాడి, రక్షణ సమయాల్లో, బాధితురాలైనా నిందితురాలైనా, స్త్రీ ఎవరో తెలిసేలా ఫొటోలు ముద్రించరాదు, ప్రసారం చేయరాదు. రక్షణ చర్యను చిత్రీకరిస్తున్నామన్న నెపంతో విటులతో ఉన్న దృశ్యాలు చూపితే రహస్య చిత్రీకరణకు వర్తించే నేరం కిందికి వస్తుంది. అంటే తమకు ముడిపడని సిఫార్సును విస్తృతంగా ప్రచారం చేసిన మాధ్యమాలు, తమపై బాధ్యత మోపినదాన్ని అంతగా చెప్పలేదు. చున్నీ కప్పుకున్న ఫొటోతో ఎవరినీ గుర్తుపట్టలేరన్న సమర్థన వినిపిస్తుంటుంది. ఆ చున్నీని, ఆ చేతి గాజులను ఊళ్లో తల్లి గుర్తుపడుతుంది, కాలనీ పేరు చదివి ఇంటి యజమాని గుర్తుపడతాడు. ఇప్పుడు పోలీసుల కంటే ముందు పక్కింటి సెల్‌ఫోనే వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లోకి పంపుతోంది. దాన్ని వెనక్కి తీసుకోమని ఏ సంపాదకుడికి చెప్పాలి?

నిర్బంధంలో ఎవరైనా ఉన్నట్టు అనుమానం వస్తే 112కు, మహిళల విషయంలో 181కు, పిల్లల విషయంలో 1098కు ఫోన్ చేయవచ్చు. సోదాలో తీసుకువెళ్లిన స్త్రీకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయవాదిని పొందే హక్కు ఉంది. మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచే నాటికే ఆ న్యాయవాదిని కోరవచ్చు. దీనికి జాతీయ సహాయ నంబరు 15100.