బృహద్ధమనికి కాపలా

జలంత్రకోట మొదలు పలాస, టెక్కలి వరకు, ఉద్దానపు కొబ్బరితోటల నడుమ ఏ ఊరనైనను, పెద్ద ఆపరేషను చేయించుకొన్న మనిషి ఇల్లు చేరగానే ఇరుగుపొరుగువారు “గండం గట్టెక్కింది” అందురు. బృహద్ధమని విషయములో ఆ మాట సగమే నిజము. మిగిలిన సగమునకు గల చరిత్రను నేడు మా పాఠకుల ముందుంచుచున్నాము.

గుండె నుండి బయలుదేరి, రొమ్మును ఉదరమును దాటుచు దేహమంతటికిని రక్తమును పంచు నాళము బృహద్ధమని. దాని గోడ బలహీనపడి బుడగవలె ఉబ్బినచో ఏనాడైనను చిట్లవచ్చును. 1948లో న్యూయార్కులో నిస్సెన్ అను వైద్యుడు ఐన్‌స్టీన్ ఉదరములోని అట్టి ఉబ్బునకు సెల్లోఫేన్ చుట్టెను. 1955లో ఆ ఉబ్బే చిట్లి ఆ మహనీయుడు మరణించెను. 1951లో పారిస్‌లో డ్యుబోస్ట్ ఉబ్బిన భాగమును కోసి తీసి, మృతదేహము నుండి సేకరించిన ధమనిని అమర్చెను. అనతికాలములోనే నేతగుడ్డ గొట్టములు వచ్చినవి. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో పారోడి, పొట్ట కోయకుండగనే, గజ్జలోని ధమని గుండా గొట్టమును లోనికి పంపెను.

అయితే అమర్చినది అమర్చినట్లే ఉండునా? కుట్టు వద్ద కొత్త ఉబ్బు పుట్టవచ్చును. గొట్టము జారవచ్చును, పూడవచ్చును, చీము పట్టవచ్చును. దాని పక్కనుండి రక్తము పాత ఉబ్బులోనికి కారవచ్చును. ఇట్టి చిక్కులు పెక్కుసార్లు నొప్పి లేకుండగనే పెరుగును. రోగి చెప్పలేడు, నాడి చెప్పదు. బొమ్మయే చెప్పవలెను.

ఆ బొమ్మకు మూలము 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే. అందులో ఎముక కనబడినది గాని రక్తనాళము కనబడలేదు. 1929లో లిస్బన్‌లో దోస్ సాంతోస్ వీపు నుండి సూది గుచ్చి, అయొడిన్ గల మందును ధమనిలోనికి ఎక్కించి దాని నీడను పట్టెను. 1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రము ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చూపినది. అదియే సి.టి. స్కాన్. ఆయన పనిచేసిన ఇ.ఎం.ఐ. గ్రామఫోను రికార్డులకు పేరుపడ్డ సంస్థ యని రేడియో శ్రోతలకు చెప్పనక్కరలేదు. ఈ విద్యలో తెలుగువారికిని స్థానమున్నది. విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన కాకర్ల సుబ్బారావుగారు అమెరికాలో ఎక్స్‌రే శాస్త్రములో పేరుగాంచి, తిరిగివచ్చి హైదరాబాదు నిమ్స్‌కు సారథ్యము వహించిరి.

మన తీరపు చిక్కు ఇచ్చటనే యున్నది. సి.టి.లో రక్తపు కారుదలను స్పష్టముగా చూపునది అయొడిన్ మందు. దానిని వడగట్టి వెలికి పంపవలసినవి మూత్రపిండములు. ఉద్దానములో, కారణము పూర్తిగా తేలని వ్యాధిచేత, ఎందరి మూత్రపిండములో క్షీణించుచున్నవి. వారికొరకే 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ఆరంభమైనవి. మిక్కిలి క్షీణించిన మూత్రపిండములకు ఆ మందు హాని చేయవచ్చును. అట్లని కాపలా మానుటయు అపాయమే. ఉదరములోని గొట్టమును అల్ట్రాసౌండు, అనగా చెవికి వినరాని ధ్వని యొక్క ప్రతిధ్వని, ఆ మందు లేకుండగనే చూపగలదు. ఉబ్బు పెరిగినదో తగ్గినదో మందు లేని సి.టి.యు కొలువగలదు. రొమ్ములోని ధమనికి మాత్రము పైనుండి పంపు ధ్వని చాలదు. అచ్చట వైద్యుడు లాభనష్టములను తూచి నిర్ణయింపవలెను.

కావున పాత ఫిల్ములను పారవేయరాదు. పాతదాని పక్కన కొత్తది పెట్టినపుడే మార్పు తెలియును. పరీక్షగదిలో అడుగిడుటకు ముందే “అయ్యా, మాది ఉద్దానం. ముందు నా కిడ్నీలు ఎలాగున్నాయో చూడండి” అని చెప్పుటకు జంకరాదు. గండము గట్టెక్కించినది శస్త్రవైద్యుని చేయి. గట్టుమీద నిలుపునది ఈ కాపలాయే.