మునిగిన ఓడలోని సామాను

సంక్రాంతికి ముందు ఇల్లు సర్దే పని ఏటా నా వంతుకే వస్తుంది. ఈసారి ముందుగది పట్టుకున్నాను. గది అన్నానే గాని గోదాము అనడమే సబబు. గోడవారగా దివాను, దాని మీద ఇస్త్రీకి వెళ్ళవలసిన బట్టలు. టీవీ బల్ల కింద ఏ ఫోనువో తెలియని ఛార్జర్లు. కిటికీ దగ్గర మా అత్తయ్య కూర్చునే పడక్కుర్చీ. తలుపు మూలన గొడుగులు నిలబెట్టిన పాత ఇత్తడి బిందె. వీటన్నిటి నడుమ, నేల మీద మూడు దొంతరలుగా నా పుస్తకాలు.

ఆ దొంతరలలో పెద్దది ప్రళయ సాహిత్యం. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్నవాడి కథ, మహమ్మారి వచ్చి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోగా మిగిలినవాడి కథ, తోకచుక్క తగిలాక ఏం తిని బతకాలో వెతుక్కునేవాళ్ళ కథ... ఇటువంటివి ఎన్ని దొరికితే అన్ని చదువుతాను. వర్షం పడుతున్న రాత్రి దుప్పటి కప్పుకుని చదివితే మరీ బాగుంటాయి. "లోకం మునిగిపోతుంటే మీకంత సంతోషమేమిటండీ" అని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. సరైన జవాబు నా దగ్గర ఉండేది కాదు.

పుస్తకాలు సర్దడానికి కూర్చున్నవాడు వాటిని సర్దడు, చదువుతాడు. నేనూ అంతే. అడుగున ఉన్న 'రాబిన్సన్ క్రూసో' చేతికి తగిలింది. బడిలో నాన్‌డీటైల్డ్‌గా చదివిన సంక్షిప్త ప్రతి కాదు, పూర్తి గ్రంథం. తెరిచిన చోట నాకు కనబడినది నరమాంస భక్షకులూ కాదు, ఇసుకలోని పాదముద్రా కాదు. క్రూసో గది సర్దుకుంటున్నాడు!

ఓడ నుంచి తెచ్చిన సామానంతా అతని గుహలో కుప్పగా పడి ఉంటుంది. ఒక వరస లేదు, మసలడానికి చోటు లేదు. అతడు గుహను లోపలికి తొలిచి పెద్దది చేస్తాడు. ముందు ఒక కుర్చీ, ఒక బల్ల చేసుకుంటాడు. పలక కావలసి వస్తే ఒక చెట్టు కొట్టి రెండు వైపులా చెక్కుతాడు. ఒక చెట్టుకు ఒక్కటే పలక. ఆ పలకలతో ఒక గోడ పొడవునా, ఒకదాని మీద ఒకటిగా, అడుగున్నర వెడల్పు అరలు కడతాడు. మేకులు ఒకచోట, పనిముట్లు ఒకచోట, తుపాకులు మరొకచోట. అంతా అమర్చాక వెనక్కి నిలబడి చూసుకుని, ఇన్ని వస్తువులు ఉన్నాయా నా దగ్గర అని మురిసిపోతాడు. మనిషి పుట్టని దీవిలో, తిరిగి ఇల్లు చేరే ఆశ లేనివాడు, అరలు చూసుకుని ఆనందిస్తున్నాడు.

మా ఆవిడ ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికిందనిపించింది. ఈ కథలలో మనను ఆకర్షించేది వినాశం కాదు, దాని తరువాతి సర్దుబాటు. ఏది అవసరం, ఏది అనవసరం అన్న ప్రశ్నకు మామూలు రోజుల్లో మనం జవాబు చెప్పలేం. ప్రళయం ఒక్క దెబ్బతో తేల్చేస్తుంది. గొడ్డలి అవసరం, బంగారం అనవసరం. పనిచేయని సెల్‌ఫోనును పారేయలేని నావంటివాడికి అంతకంటే హాయి ఏముంటుంది?

1719లో ఈ నవల వెలువడేనాటికి డానియల్ డీఫోకు అరవై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో 1704 నుంచి 1709 దాకా ఒంటరిగా బతికిన సెల్కర్క్ అనే నావికుడి ఉదంతం అప్పటికే అచ్చయి అందరి నోళ్ళలో ఉంది. కానీ క్రూసో పట్టికలు మాత్రం డీఫో సొంతం. ఆయన మొదట వ్యాపారి. 1692లో 17,000 పౌండ్ల అప్పుతో దివాలా తీసినవాడు. జమా ఖర్చుల పుస్తకం ఆయన ఎముకల్లో ఉంది. అందుకే క్రూసో తన అదృష్ట దురదృష్టాలను కూడా ఎదురెదురు వరసలలో, చిట్టా ఆవర్జాలాగా రాసుకుంటాడు. పదమూడు రోజుల్లో పదకొండు సార్లు ఓడకు వెళ్ళివస్తాడు. రొట్టె, బియ్యం, మూడు జున్ను గడ్డలు, వడ్రంగి పనిముట్ల పెట్టె, తుపాకి మందు. పన్నెండవసారి సొరుగులో 36 పౌండ్ల డబ్బు కనబడుతుంది. నీ వల్ల నాకేం ప్రయోజనమని దాన్ని తిట్టిపోస్తాడు, మరుక్షణం మూటకట్టి తెచ్చుకుంటాడు. ఆ రాత్రే గాలివాన వచ్చి, తెల్లవారేసరికి ఓడ ఉండదు.

అంతకు పదిహేనేళ్ళ ముందే డీఫో నిజమైన ఉపద్రవం గురించి ఒక పుస్తకం రాశాడని చాలామందికి తెలియదు. 1703 నవంబరు 26 రాత్రి దక్షిణ ఇంగ్లండు మీద విరుచుకుపడిన తుఫానులో, సముద్రం మీదా నేల మీదా కలిపి సుమారు 8,000 మంది మరణించారని అంచనా. ఎడ్డీస్టోన్ దీపస్తంభం, దానిని కట్టిన విన్‌స్టన్లీతో సహా కొట్టుకుపోయింది. ఆ యేడే ఒక వ్యంగ్య రచనకు శిక్షగా బొండకొయ్యలో నిలబడి, జైలు అనుభవించి, డీఫో అప్పుడే బయటికి వచ్చాడు. మీరు చూసినది రాసి పంపండి అని పత్రికలలో ప్రకటన ఇచ్చి, వచ్చిన ఉత్తరాలను కూర్చి 1704లో 'ది స్టార్మ్' ప్రచురించాడు. కెంట్ ప్రాంతంలో తిరుగుతూ కూలిన చెట్లు లెక్కపెట్టి, 17,000 దాకా వచ్చాక విసిగి మానేశానని అందులో రాశాడు. ఇళ్ళ కప్పులన్నీ ఎగిరిపోవడంతో లండన్‌లో వెయ్యి పెంకుల ధర 21 షిల్లింగుల నుంచి 6 పౌండ్లకు ఎగబాకిందనీ రాశాడు. విచిత్రమేమంటే టిల్బరీ దగ్గర ఆయనకు ఇటుకలు, పెంకులు కాల్చే కార్ఖానా ఉండేది. యజమాని జైలులో ఉండగా అదే సంవత్సరం అది మూతపడింది.

ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. 1704 నాటి పుస్తకంలో అరలు లేవు, సర్దుబాటు లేదు. ఉన్నది లెక్క. కూలిన పొగగొట్టాలు, విరిగిన ఓడలు, చచ్చిన మనుషులు. 1722లో ఆయన 1665 నాటి లండన్ ప్లేగు మీద రాసిన పుస్తకమూ అటువంటిదే. ప్లేగునాటికి ఆయన అయిదేళ్ళవాడు. అయినా వారం వారం అచ్చయిన మరణాల జాబితాలు ముందు పెట్టుకుని, ఒక జీను వ్యాపారి నోట ఆ కథ చెప్పించాడు. ఆ ఏడాది జాబితాలలో ప్లేగు పద్దు కింద చేరిన మరణాలు 68,596. తుఫాను గురించి, ప్లేగు గురించి రాసేటప్పుడు పోయినవాళ్ళను లెక్కపెట్టిన మనిషే, క్రూసో గురించి రాసేటప్పుడు మిగిలిన వస్తువులను లెక్కపెట్టాడు. తరువాతి మూడు వందల ఏళ్ళూ పాఠకలోకం ఎక్కువగా ఎంచుకున్నది రెండవ లెక్కనే.

భర్తను 1822లో సముద్రానికి, అంతకు ముందే ముగ్గురు బిడ్డలను మృత్యువుకు అప్పగించిన మేరీ షెల్లీ 1826లో 'ది లాస్ట్ మాన్' రాసింది. అందులో చివరికి మిగిలిన ఒక్క మానవుడు నిర్జనమైన రోము భవనాలలో తిరుగుతాడు. లోకంలోని సంపదంతా అతడిదే, పంచుకునేవాడు లేడు. ఆ దుఃఖాన్ని నాటి విమర్శకులు ఆదరించలేదు. 1951లో జాన్ విండమ్ రాసిన 'ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్' వ్యవహారం వేరు. లోకమంతా గుడ్డిదైపోయాక, చూపున్న కథానాయకుడు, నాయిక లండన్‌లో ఎవరో సంపన్నుల ఇంట్లో మకాం పెడతారు. ఆమె ఖరీదైన దుస్తులు వేసుకుని ముస్తాబవుతుంది. నేనీ ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇటువంటి నవలలకు 1973లో బ్రయన్ ఆల్డిస్ 'హాయైన ప్రళయం' అనదగిన పేరు పెట్టి వెక్కిరించాడు. అందరూ చచ్చాక నాయకుడికి పెద్ద హోటలు గదులూ కార్లూ ఉచితం కదా అని!

జార్జి స్టూవర్ట్ 1949లో రాసిన 'ఎర్త్ అబైడ్స్' వీటన్నిటిలో నాకు ఇష్టమైనది. ఆయన బర్క్‌లీలో ఇంగ్లీషు ఆచార్యుడు. మహమ్మారి తరువాత మిగిలిన గుప్పెడు మంది దుకాణాలలోని డబ్బాలు విప్పుకుని ఏళ్ళ తరబడి బతికేస్తారు. నాయకుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని పవిత్రంగా కాపాడతాడు గాని, పిల్లలకు చదువే అబ్బదు. వాళ్ళు పాత నాణేలను సుత్తితో కొట్టి బాణాల మొనలు చేసుకుంటారు. క్రూసో తిట్టి మూటగట్టుకున్న డబ్బుకు ఇక్కడ ఒక ఉపయోగం దొరికిందన్నమాట.

ఇదంతా తలచుకుని నాలో నేను నవ్వుకుంటూ ఉంటే పడక్కుర్చీలోంచి అత్తయ్య, "ఏమిట్రా ఆ నవ్వు?" అన్నది.

మా నాన్నగారి చెల్లెలు. డెబ్బై అయిదేళ్ళు. క్రూసో కథ మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"అయితే ఓడ మిగిలిందా?"

"మిగిలింది, అత్తయ్యా. పన్నెండు రోజులపైన."

"ఆ సామానంతా ఓడలో వాళ్ళదేనా?"

"అవును. వాళ్ళందరూ మునిగిపోయారు కదా."

కాసేపు ఊరుకుని, "వాటి మీద పేర్లు లేవురా?" అని అడిగింది.

నాకు వెంటనే బోధపడలేదు. తరువాత ఆవిడ చూపు వెంట తలుపు మూలకు చూశాను.

అత్తయ్యను దివిసీమలో ఇచ్చారు. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం ఉప్పెనగా లేచి మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయారు. పశువులకు లెక్కే లేదు. నాగాయలంక, కోడూరు, హంసలదీవి అన్న పేర్లు విన్నప్పుడు ఆ తరంవాళ్ళ ముఖాలు ఇప్పటికీ మారతాయి. అత్తయ్య వాళ్ళు ఊళ్ళోని ఒక డాబా మీద తెల్లవార్లూ ఉన్నారు. ఆ రాత్రి ఎవరెవరు పోయారో ఆవిడ ఎప్పుడూ వరసపెట్టి చెప్పలేదు. మేమూ అడగలేదు. నీరు తీశాక నాలుగో రోజున తమ ఇల్లు ఉన్న చోటు పోల్చుకుందామని వెళితే, ఇల్లూ లేదు, గోడా లేదు, ఒక్క చెంచా కూడా లేదు. సగం బురదలో కూరుకుని ఒక ఇత్తడి బిందె కనబడింది. కడిగి చూస్తే అంచు కింద చుక్కలతో కొట్టించిన పేరు. వాళ్ళ ఇంటి పేరు కాదు, ఊళ్ళో ఎవరికీ తెలిసిన పేరూ కాదు.

ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని రోడ్డు మీద కనబడేలా కొన్ని వారాలు పెట్టిందట. ఎవరూ రాలేదు. ఆ తరువాత ఎన్ని ఇళ్ళు మారినా బిందె వెంట తెచ్చుకుంది. ఏనాడూ దానితో నీళ్ళు పట్టలేదు. ఏటా పండుగకు చింతపండుతో తోముతుంది. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసే అందులో గొడుగులు పెట్టాను. ఈ సర్దుడులో దానిని అటక మీదకు ఎక్కించాలనుకున్నదీ నేనే.

మళ్ళీ పుస్తకం తిరగేశాను. డీఫో రాయలేదని అత్తయ్యతో చెప్పబోయి, రాశాడని గుర్తుకు వచ్చింది. ఒడ్డుకు చేరిన మొదటి గంటలోనే క్రూసో తోటివారి కోసం వెతుకుతాడు. అతనికి కనబడినవి మూడు టోపీలు, ఒక కుళ్ళాయి, జత కలవని రెండు బూట్లు. మునిగినవాళ్ళ గుర్తులుగా కథలో ఆ మాత్రమే మిగిలాయి. నేను ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు దాటుకుంటూ వెళ్ళి, తెప్ప కట్టే ఘట్టం దగ్గర ఆగాను. పనిముట్ల పెట్టె అంటే గుర్తు ఉంది గాని, దాని వెనక ఒక వడ్రంగి ఉన్నాడని తోచలేదు. అసలు ఆ ఓడ బయలుదేరినదే ఆఫ్రికా తీరంలో బానిసలను కొని తేవడానికి. క్రూసో అరల మీద అమర్చినదంతా ఇతరులదే. దుకాణాలలోని డబ్బాలూ, లండన్‌లోని ఆ ఇల్లూ అంతే. మనం చదువుతూ హాయిపడడానికి మొదటి షరతు వాటి మీద పేర్లు కనబడకపోవడం. నిజమైన ఉపద్రవంలో ఓడ మిగలదు. మిగిలిన ఒక్క బిందె మీదా ఎవరిదో పేరు ఉంటుంది.

అందుకని ఈ పుస్తకాలు చదవడం మానేస్తానా? మానను. డీఫో రెండు లెక్కలూ రాసిన మనిషే కదా. కాకపోతే 'ది స్టార్మ్'నూ 'క్రూసో'నూ ఇకమీదట ఒకే అరలో పెట్టదలచాను.

సాయంత్రానికి గది ఒక కొలిక్కి వచ్చింది. ఛార్జర్లు, పాత సెల్‌ఫోన్లు బయటికి పోయాయి. గొడుగులకు తలుపు వెనక రెండు మేకులు కొట్టాను. బిందెను పుస్తకాల పక్కన, పేరు గదివైపు తిరిగేటట్లు పెడితే అత్తయ్య లేచి వచ్చి చూసింది. "కాస్త పైన పెట్టరా, నేల మీద వద్దు" అన్నది. పైఅరలోని పుస్తకాలు దించి, అక్కడ పెట్టాను.