కోరంగి పూడిక, హోప్ దీవి పుట్టుక

ఆంధ్ర తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న దీవులు తక్కువ. ఉన్నవాటిలో పేరున్నవి చాలావరకు నదులు మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ పేరుకుని నిలిచినవే. కాకినాడకు ఎదురుగా, గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోటి నుంచి ఉత్తరంగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన హోప్ ఐలాండ్ అటువంటిది. దాని వయసు దాదాపు రెండు వందల ఏళ్ళు. అది పుట్టి పెరిగిన కాలమే దాని వెనుకనున్న కోరంగి రేవు క్షీణించిన కాలం, కాకినాడ రేవు ఎదిగిన కాలం కూడా. ఈ మూడింటి చరిత్రను విడివిడిగా రాసే అలవాటు వల్ల ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడింది: కోరంగిని ముంచింది తుఫానులే అయినా చంపింది పూడిక, ఆ పూడికే దీవిగా నిలిచి కాకినాడను కాచింది.

ఈ తీరాన్ని ఈస్టిండియా కంపెనీ కాలపు పత్రాలు ఉత్తర సర్కారులు అంటాయి. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే అయిదు సర్కారుల ఉమ్మడి పేరది. మొదటి నాలుగూ 1765, 1766 ప్రాంతాల్లోనూ, గుంటూరు 1788లోనూ కంపెనీ చేతికి వచ్చాయి. నల్లమల పాదంలోని కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు మాత్రం 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాల్లో చేరి, తరువాత కర్నూలు జిల్లాలో భాగమై, 1970లో కొత్తగా ఏర్పడి, తరువాత ప్రకాశం అని పేరు మారిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. అందువల్ల ఆ ప్రాంతపు బేస్తవారిపేట వంటి ఊళ్ళ పాలనాచరిత్రలో సముద్రం చాలా ఆలస్యంగా ప్రవేశించింది. అయినా కోరంగి కథలోని అసలు సంగతి ఆ ఊళ్ళవారికి కొత్త కాదు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి, విజయనగర కాలంలో నిలబెట్టిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాకు ఎక్కింది; ఆ చెరువు కింద సాగు చేసే రైతును అడిగితే ఏరు నీటితోపాటు మట్టినీ తెస్తుందనీ, ఆ మట్టి ఆగిన చోట లోతు తగ్గుతుందనీ చెబుతాడు. గుండ్లకమ్మ ఒక చెరువులో చేసిన పనినే గోదావరి సముద్రంలో చేసింది.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి యానాం మీదుగా సముద్రానికి పోతూ ఎడమ వైపున కోరంగి, గాడేరు అనే చిన్న పాయలను విడిచిపెడుతుంది. ఇవి మడ అడవుల గుండా మెలికలు తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. వరద నెలల్లో ఎర్రబారిన నీరు మొగ దాటగానే వేగం తగ్గి, బరువైన ఇసుక అక్కడే కిందికి దిగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఆ ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఇలా ఏటికేడాది పోగైన ఇసుక మొదట నీటి కింద తిప్పగా, తరువాత పోటుకు మునిగి ఆటుకు తేలే మెరకగా, చివరకు గడ్డి మొలిచే నేలగా మారి, ఉత్తరపు కొసను చాచుకుంటూ పోయింది. నావికుల పటాల్లో ఆ కొసకు గోదావరి పాయింట్ అని పేరు. దీవికి రెండు ముఖాలున్నాయి: తూర్పున బంగాళాఖాతం అలలు నేరుగా విరిగే ఇసుక ఒడ్డు, పడమటన అలికిడి లేని అఖాతం, బురద మేటలు, మడచెట్లు.

ఈ మట్టి ఇంకా అడ్డం కాని రోజుల్లో కోరంగి పెద్ద రేవు. దానికి దగ్గరలోనే ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషువారూ, యానాంలో ఫ్రెంచివారూ వర్తకస్థానాలు నడిపారు. ఇంజరంలో నేసిన బట్టలు ఓడలెక్కేది ఈ తీరం నుంచే. గోదావరి పాయలోకి ఓడ రాగలిగేది, లోపల గాలివానల నుంచి చాటు దొరికేది, మన్యం కలప నది మీదుగా దిగివచ్చేది. అందుకే ఇక్కడ ఓడల నిర్మాణం, మరమ్మతు వృత్తిగా స్థిరపడ్డాయి. 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఇక్కడి మరమ్మతు రేవులో బ్రిటిష్ యుద్ధనౌకను సైతం ఎక్కించి బాగుచేశారు. కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య తూర్పు తీరంలో అటువంటి వసతి మరెక్కడా లేదని ఆనాటివారు కోరంగిని గొప్పగా చెప్పుకునేవారు. వెన్నుకర్ర పరచి, దానికి పక్కకర్రలు బిగించి, పలకల సందుల్లో నార దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలంతో మెత్తే ఆ పని కాగితం మీద గీసిన నమూనా లేకుండా కంటి కొలతతో తరాలు మారుతూ వచ్చింది. పక్కనున్న తాళ్ళరేవు వడ్రంగులు కొయ్య నావలు కట్టే నేర్పును ఆ తరువాత కూడా చాలాకాలం నిలుపుకున్నారు. రేవు పోయినా వృత్తి ఊరిని విడవకపోవడం ఈ చరిత్రలో గౌరవంగా చెప్పుకోదగిన సంగతి.

1789 డిసెంబరులో వచ్చిన తుఫాను ఆ రేవును తుడిచిపెట్టినంత పని చేసింది. సముద్రం నిండు పోటు మీద ఉండగా, వాయవ్యపు గాలి అఖాతపు లోమూలకు నీటిని ఎగదోయగా, మూడు మహాతరంగాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయని నాటి వర్ణనలు తెలుపుతున్నాయి. మొదటిది ఊళ్ళోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది, రెండోది పల్లపు నేలంతా ముంచింది, మూడోది మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. ఓడలు యానాం దాకా పొలాల్లోకి కొట్టుకుపోయాయి, చనిపోయినవారు సుమారు ఇరవై వేలని అంచనా. కలకత్తాలో ఉంటూ తుఫానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్, సుడి తిరిగే గాలివానకు సైక్లోన్ అనే పేరును ప్రతిపాదించినప్పుడు ఈ కోరంగి విలయం ఆయన ముందున్న ముఖ్యమైన ఉదాహరణల్లో ఒకటి. నావికుల కోసం ఆయన రాసిన గ్రంథం 1848లో వెలువడ్డాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. 1839 నవంబరులో మరో పెను తుఫాను వచ్చింది. దానిలో మూడు లక్షల మంది పోయారనీ, ఇరవై వేల పడవలు నాశనమయ్యాయనీ పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కిన లెక్కను అలాగే స్వీకరించడం సరికాదు. ఒక రేవునూ దాని చుట్టుపక్కల పల్లెలనూ తీసుకుంటే అంత జనం, అన్ని పడవలు అక్కడ ఉన్నాయని నమ్మడం కష్టం. అంకె ఎంతైనా దుఃఖం తక్కువది కాదు గాని, ఆ అంకెను పట్టుకుని కోరంగి ఆ ఒక్క రాత్రితో ముగిసిందని చెప్పడం చరిత్రను తప్పుదారి పట్టిస్తుంది. 1789 తరువాత ఊరు మళ్ళీ లేచి నిలబడిందనీ, పైన చెప్పిన యుద్ధనౌక మరమ్మతు ఆ విలయం తరువాతి మాటేననీ మరువరాదు.

తుఫాను దెబ్బ తిన్న రేవును మనుషులు తిరిగి కట్టుకోగలిగారు. ఏటా పెరిగే ఇసుకమెరకతో మాత్రం గెలవలేకపోయారు. మొగ దగ్గర లోతు తగ్గుతూ రావడంతో పెద్ద ఓడలు కోరంగి పాయలోకి రాలేక అఖాతంలోనే లంగరు వేయసాగాయి. ఉత్తరాన కాకినాడకు ఇది కలిసివచ్చింది. కాకినాడలో డచ్చివారి ఆధీనంలో ఉన్న జగన్నాథపురం 1825లో ఇంగ్లీషువారి పరమైంది. ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల డెల్టా పంటకు కాలువదారులు ఏర్పడి సరుకు పడవల మీద కాకినాడ చేరసాగింది. 1860ల తొలి ఏళ్ళలో అమెరికా అంతర్యుద్ధం మూలంగా భారత పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ ఎగుమతిలో ఈ రేవుకూ వాటా దక్కింది. అప్పటికి సముద్రపు అలలకు అడ్డుగోడగా ఎదుగుతున్న హోప్ దీవి చాటున ఓడలు నిలిచేవి, వాటికీ ఒడ్డుకూ మధ్య సరుకు నావల మీద అటూ ఇటూ నడిచేది. దీవి మీద 19వ శతాబ్దంలో నిలిపిన దీపస్తంభం, ఇసుక కదలికతో తీరం రూపు మారడం వల్ల కొంతకాలానికి వాడుకలోంచి తొలగింది. దాని పని కాకినాడకు ఉత్తరాన వాకలపూడిలో కట్టిన దీపస్తంభానికి వచ్చింది. కోరంగి పాత దీపస్తంభం మడ అడవి నడుమ పాడుబడి ఉంది, దానిని చూడాలంటే పడవలో పోవాలి. ఓడలకు దారి చూపడానికి కట్టిన కట్టడానికీ సముద్రానికీ మధ్య ఇప్పుడు అడవి పరచుకుని ఉండటం పూడిక ఎంత నేలను పుట్టించిందో కొలత లేకుండానే తెలుపుతుంది.

వర్తకులూ నావికులే కాక యాత్రికులు కూడా ఈ మొగలకు వచ్చేవారు. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందనే నమ్మకం పురాతనమైనది. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వసిష్ఠ అని వాటి పేర్లు. ఈ ఏడు సంగమాల్లోనూ వరుసగా స్నానం చేయడాన్ని సప్తసాగర యాత్ర అంటారు. పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే చొల్లంగి అమావాస్య నాడు, కాకినాడకు దక్షిణాన చొల్లంగిలో తుల్యభాగ సంగమస్నానంతో ఇది మొదలై, కోరంగి దగ్గర ఆత్రేయ స్నానం మీదుగా, తీరం వెంట పడవల మీదా కాలినడకనా సాగి, మాఘ శుద్ధంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడంతో ముగుస్తుంది. అక్కడ లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం జరిగేది ఆ రోజుల్లోనే. సంతానం కోరేవారు విశేషంగా ఈ యాత్ర చేసేవారు. పదకొండు రోజుల్లో ఏడు మొగలు తిరిగిన దంపతులకు పుణ్యంతోపాటు తీరపు పల్లెల, లంకల పరిచయం కూడా కలిగేది. సర్వే పటాలు రాకముందే డెల్టా అంచును ఈ చివరి నుంచి ఆ చివరి వరకు తెలిసినవారు ఈ యాత్రికులూ వారిని దాటించిన పడవవారే.

కోరంగికి ఓడల రాక తగ్గాక జనం ఓడలెక్కారు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి కాకినాడ, విశాఖ తదితర రేవుల మీదుగా బర్మాలో వరి కోతలకూ మిల్లులకూ రంగూన్ రేవు పనులకూ వలస వెళ్ళిన తెలుగువారందరినీ, వారు ఏ జిల్లావారైనా సరే, బర్మావారు కోరంగీలనే పిలిచారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులూ, 1942లో జపాను సేనల రాకతో అడవుల గుండా సాగిన తిరుగు ప్రయాణాలూ ఆ పేరుతో ముడిపడిన చేదు ఘట్టాలు.

హోప్ దీవి మీద జనావాసం కూడా ఉంది. పుత్రయ్యపాకలు వంటి మత్స్యకార పల్లెలు అఖాతం వైపున ఏర్పడ్డాయి. పాకలు అన్న మాటే అవి వేటకాలపు విడుదులుగా మొదలై ఊళ్ళుగా కుదురుకున్న తీరును సూచిస్తుంది. పట్టిన చేప అమ్మాలన్నా, బియ్యం తెచ్చుకోవాలన్నా, కాన్పుకు ఆసుపత్రికి చేరాలన్నా వారికి అఖాతం దాటి కాకినాడ రావడమే దారి. తుఫాను హెచ్చరిక వస్తే ఆ దారే ముందుగా మూతపడుతుంది. 1996 నవంబరు 6న కోనసీమనూ కాకినాడ ప్రాంతాన్నీ కుదిపిన తుఫానులో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. అలల జోరు నేరుగా కాకినాడ మీద పడకుండా దీవీ దాని వెనుకనున్న మడ అడవీ కాస్తాయని నిపుణులు చెప్పే మాటలో నిజముంది. అయితే ఊరికి అడ్డుగోడగా నిలిచిన నేల మీదే కొందరు కాపురం ఉంటున్నారన్న సంగతి ఆ మాటల్లో తరచు జారిపోతుంది. వారికి ముందుగా పడవ పంపడం రక్షణ ఏర్పాట్లలో మొదటి పని కావాలి.

దీవి వెనుకనున్న మడ అడవిని 1978లో కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బురదలోంచి పైకి మేకుల్లా పొడుచుకు వచ్చే శ్వాసవేళ్ళ నడుమ రొయ్యపిల్లలూ పీతలూ పెరుగుతాయి, వాటిని తినే బావురుపిల్లులూ నీటికుక్కలూ అక్కడే మసలుతాయి. ఎగువన నదిపై కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో 20వ శతాబ్దపు చివరి పాతిక నుంచి డెల్టా అంచు పెరగడం తగ్గి, కొన్నిచోట్ల కోత మొదలైంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ ఒడ్డును సముద్రం తినివేస్తూ ఇళ్ళనూ రోడ్డునూ మింగుతోంది. పూడిక ఎక్కువై ఒక రేవు పోయిన తీరంలో పూడిక చాలక ఊళ్ళు పోతున్నాయి.

దీవి తూర్పు ఒడ్డున చలికాలం చివర, జనవరి నుంచి మార్చి వరకు, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. దీపాల వెలుగుకు అవి బెదిరి వెనక్కి పోతాయి, పిల్లలు దారి తప్పుతాయి. కాకినాడ నుంచి మరపడవలో ఈ దీవికి వెళ్ళే పాఠకులు అటవీశాఖ అనుమతి తీసుకుని పగటిపూటే వెళ్ళి రావాలి, ఇసుక మీద మంటలు వేయరాదు, తీసుకుపోయిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకురావాలి. వీలైతే తాళ్ళరేవు, కోరంగి ఊళ్ళకు కూడా వెళ్ళి, ఆ ఊళ్ళ పెద్దలతో నాలుగు మాటలు మాట్లాడి రావాలి.