రోవర్స్ కప్: హైదరాబాద్ పోలీస్ జట్టు ఐదేళ్లు వదలని కప్పు

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వచ్చిందంటే నంద్యాల, ఆళ్లగడ్డ గల్లీల్లో కూడా అర్జెంటీనా, బ్రెజిల్ జెర్సీలు కనిపిస్తాయి. మెస్సీ పేరు తెలియని పిల్లాడు ఉండడు. కానీ ఒకప్పుడు దేశంలోనే పెద్ద క్లబ్బులను ఓడించిన జట్టు మన హైదరాబాద్‌లో ఉండేదని, అందులో ముస్లిం కుర్రాళ్లు ఎంతోమంది ఆడారని ఇంట్లో చెప్పేవాళ్లు తక్కువ.

టోర్నీ ఎలా మొదలైంది?

రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో మొదలైంది. మొదట్లో కప్పంతా బ్రిటిష్ సైనిక జట్లదే. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచి, ఈ కప్పు అందుకున్న తొలి భారతీయ జట్టయింది. 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది.

ఆ తర్వాత వచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. 1955లో మోహన్ బగాన్ గెలవడంతో ఆ వరుస ఆగింది.

రహీం సాబ్

ఈ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి స్కూల్ టీచర్‌గా పనిచేశారు. పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు, రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలని. భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచేనాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో ఇంతెఖాల్ అయ్యారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

తర్వాత ఏమైంది?

పోలీస్ జట్టులో ఆడితే ఆటతో పాటు జీతం, ఉద్యోగం ఉండేవి. పేద ఇళ్ల పిల్లలు ధైర్యంగా మైదానంలోకి రావడానికి అది పెద్ద కారణం. రహీం సాబ్ పోయాక మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్న మ్యాచ్‌లో ఒక గోల్ హబీబ్‌దే. రోవర్స్ కప్ కూడా 2000-01తో ఆగిపోయింది.

దక్షిణ అమెరికాలో ఇందుకు భిన్నంగా జరిగింది. 1948లో చిలీలోని శాంటియాగోలో ఏడు దేశాల క్లబ్బులతో ఒక టోర్నీ పెడితే బ్రెజిల్‌కు చెందిన వాస్కో ద గామా గెలిచింది. ఆ ఆలోచనే 1960లో కోపా లిబర్టడోరెస్‌గా మారి ఈనాటికీ నడుస్తోంది. వాళ్లు టోర్నీని పెంచి పెద్ద చేశారు, మనం వదిలేశాం.

మన దగ్గర ఆడే పిల్లలకు ఇప్పటికీ కొరత లేదు. వాళ్లకు కావలసింది ఒక మైదానం, రహీం సాబ్ లాంటి ఒక ఉస్తాద్, ఆడితే బతకగలమన్న భరోసా. ఈసారి ఇంట్లో మెస్సీ మాట వచ్చినప్పుడు రహీం సాబ్ పేరు కూడా పిల్లలకు చెప్పండి.